ఉద్దానం ఎలుగు బొమ్మ కుడదామనుకుంటున్నాను, మెడలో చీటీ మీద ఏ కథ రాయాలి?

కాశీబుగ్గ కుట్టుమిషను:

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కాశీబుగ్గలో ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. జాకెట్లు, పిల్లల గౌన్లు, జూన్ వస్తే స్కూలు యూనిఫారాలు. మా ఆడపడుచు వాళ్లు అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఉంటారు. ఈ వేసవిలో వచ్చినప్పుడు మా పాపకి ఒక టెడ్డీబేర్ తెచ్చారు. మామూలు షాపు బొమ్మ కాదు, ఆ ప్రాంతం చూడటానికి వెళ్లినవాళ్లు గుర్తుగా కొనుక్కెళ్లే బొమ్మ. మెడలో చిన్న అట్టముక్క కట్టి ఉంది. పూర్వం అమెరికా ప్రెసిడెంట్ ఒకాయన ఆ అడవిలో వేటకి వెళ్లి, దొరికిన ఎలుగుని జాలిపడి కాల్చకుండా వదిలేశాడట, ఆయన ముద్దుపేరు టెడ్డీ కాబట్టి ప్రపంచంలో ఉన్న బొమ్మ ఎలుగులన్నిటికీ ఆ పేరే వచ్చిందట. ఆ అట్టముక్క మీద ఉన్నది ఇది.

దాన్ని చూస్తూ మా మేనకోడలు "అత్తా, మీ ఊళ్లో నిజం ఎలుగులే తిరుగుతాయి కదా, మరి మీ ఎలుగు బొమ్మ ఎక్కడ అమ్ముతారు?" అని అడిగింది. మా అత్తారిది మందస వైపు. అక్కడ జీడితోటలోకి ఎలుగు వచ్చిందంటే ఎవరూ వింతగా చూడరు, మగవాళ్లు డప్పులు కొట్టుకుంటూ వెళ్తారు, ఆడవాళ్లు పిల్లల్ని లోపల పెట్టి తలుపులేస్తారు. కానీ బొమ్మ మాత్రం ఎవరూ చేసినట్టు నేను చూడలేదు.

మన వైపు వచ్చినవాళ్లు పలాస జీడిపప్పు పట్టుకెళ్తారు, మందస కోవా పట్టుకెళ్తారు. రెండూ మంచివే, కాకపోతే వారంలో అయిపోతాయి. ఇక ఉద్దానం అనగానే బయటివాళ్లకి తెలిసింది కిడ్నీ జబ్బు ఒక్కటే. పెళ్లిసంబంధాల్లో కూడా ఆ మాటే ఎత్తుతున్నారు, వింటుంటే మనసుకి చాలా కష్టంగా ఉంటుంది. కొబ్బరి, పనస, జీడి, సముద్రం, కొండలు ఇన్ని ఉన్న నేల ఇది. చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి ఈ నేల పేరుతో ఉండాలని నా కోరిక.

టెడ్డీ నమూనా విప్పి కాగితం మీద గీసుకోవడం నాకు పెద్ద పని కాదు. నాకు కావలసింది వేరే. మన ఎలుగుకి, ఆ బొమ్మకి తేడా ఏంటి, అట్టముక్క మీద రాయడానికి మన దగ్గర నిజమైన చరిత్ర ఏముంది, పొందూరు ఖద్దరుతో కుడితే బాగుంటుందా, వీటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకో మాట కూడా అడగాలి. మన దగ్గర ఎలుగు మనుషుల్ని చంపింది కూడా. అలాంటిదాన్ని ముద్దుగా బొమ్మ చేసి అమ్మడం తప్పా? మొహమాటం లేకుండా చెప్పండి.

మహేంద్రగిరి నీడ:

చెల్లెమ్మా, ముందు ఆ అట్టముక్క సంగతి. అందులో సగమే రాశారు. మిగతా సగం నీకు అవసరం, ఎందుకంటే నీ ప్రశ్నకి జవాబు ఆ సగంలోనే ఉందని నాకనిపిస్తోంది.

1902 నవంబర్‌లో మిసిసిపీ గవర్నర్ పిలిస్తే ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ ఎలుగు వేటకి వెళ్లాడు, ఆన్‌వర్డ్ అనే చిన్న ఊరి దగ్గరి అడవికి. వేట నడిపించింది హోల్ట్ కోలియర్ అనే నల్లజాతి మనిషి. బానిసగా పుట్టినవాడు, ఎలుగు వేటలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. కుక్కలు ఒక ఎలుగుని తరిమి తరిమి అలసిపోయేలా చేశాయి, అది తిరగబడి ఒక కుక్కని చంపింది. ప్రెసిడెంట్ వచ్చేదాకా దాన్ని ప్రాణాలతో ఉంచాలి కాబట్టి కోలియర్ తుపాకీ మడమతో దాని తల మీద కొట్టి, తాడేసి చెట్టుకి కట్టేశాడు. తర్వాత వచ్చిన రూజ్‌వెల్ట్, కట్టేసి ఉన్న జంతువుని కాల్చడం వేట కాదు, నేను కాల్చను అన్నాడు. కథ ఇక్కడ ఆపేస్తే అట్టముక్క మీద చక్కగా ఉంటుంది. కానీ ఆ ఎలుగుని వదిలెయ్యలేదు. దెబ్బలు తిని అల్లాడుతోంది, ఇక చంపెయ్యండి అని ఆయనే చెప్పాడు. కత్తితో చంపేశారు.

రెండు రోజుల తర్వాత, నవంబర్ 16న, క్లిఫర్డ్ బెరీమన్ అనే ఆయన వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో దాని మీద కార్టూన్ వేశాడు. ప్రెసిడెంట్ చెయ్యి అడ్డం పెట్టి వద్దంటున్నట్టు, వెనక మెడకి తాడుతో ఎలుగు. జనానికి అది తెగ నచ్చింది. ఆయన ఆ తర్వాత వేసిన బొమ్మల్లో ఆ ఎలుగు చిన్నదైపోయి, గుండ్రటి చెవులతో పిల్ల ఎలుగు అయిపోయింది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ పేటలో మిఠాయి కొట్టు నడిపే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ కలిసి ఆ కార్టూన్ చూసి గుడ్డతో ఎలుగు కుట్టి కొట్టు కిటికీలో పెట్టి, టెడ్డీ ఎలుగు అని పేరు పెట్టారు. అంత గిరాకీ వచ్చింది, కొన్నాళ్లకి మిఠాయిలు పక్కనబెట్టి ఐడియల్ అనే బొమ్మల కంపెనీయే పెట్టుకున్నారు.

ఇంచుమించు అదే సమయానికి జర్మనీలో గీంగెన్ అనే ఊళ్లో స్టైఫ్ కంపెనీ కూడా ఎలుగు బొమ్మ చేసింది. 1903లో లైప్‌జిగ్ బొమ్మల సంతలో అమెరికా వ్యాపారి ఒకాయన 3,000 బొమ్మలకి ఆర్డర్ ఇచ్చాడని వాళ్లు చెప్పుకుంటారు. ఆ కంపెనీ పెట్టిన మార్గరెటె స్టైఫ్ గురించి నీకు తప్పకుండా చెప్పాలి. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైంది, నీలాగే ఇంట్లో కుట్టుపని చేసుకునేది. సూదులు గుచ్చుకునే చిన్న దిండుని ఏనుగు ఆకారంలో కుడితే, పిల్లలు దాన్ని ఆడుకోవడానికి పట్టుకుపోయేవాళ్లు. ఆ కంపెనీ అంతా అలా మొదలైందే.

ఇప్పుడు మిసిసిపీ వాళ్లు ఏం చేశారో చూడు. 2002లో టెడ్డీబేర్‌ని తమ రాష్ట్ర అధికారిక బొమ్మగా ప్రకటించుకున్నారు. ఎలుగుని పట్టి కట్టిన కోలియర్ పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు, 2004లో అక్కడి వన్యప్రాణి రక్షిత ప్రాంతం ఒకదానికి ఆయన పేరు పెట్టారు. నువ్వు రాసే చీటీ మీద మొదటి రోజు నుంచే కథ మొత్తం ఉంటే బాగుంటుంది. చచ్చిపోయిన ఎలుగూ ఉండాలి, దాన్ని పట్టినవాడూ ఉండాలి.

బారువ రేవు:

నేను ఎలుగుల గురించి చెబుతాను, అడవులంటే ఇష్టం కొద్దీ చాలా ఏళ్లుగా చదువుతూ, చూస్తూ ఉన్నాను.

దయచేసి ఆ టెడ్డీ నమూనానే నల్లగుడ్డతో కుట్టెయ్యకండి అక్కా. అది అమెరికా నల్ల ఎలుగు మీద నుంచి వచ్చిన ఆకారం. మనది పూర్తిగా వేరే జాతి, గుడ్డెలుగు అంటారు చూశారా, అది. బొచ్చు పొడుగ్గా, చిందరవందరగా ఉంటుంది, మెడ మీదా భుజాల మీదా మరీ ఎక్కువ. మూతి పొడుగ్గా, బూడిదరంగు కలిసిన తెలుపులో ఉంటుంది. రొమ్ము మీద తెల్లటి మచ్చ, ఇంగ్లీషు వి అక్షరంలాగో వై లాగో, ఒక్కో ఎలుగుకి ఒక్కోలా. గోళ్లు లేత రంగులో వంకీ తిరిగి చాలా పొడుగు, పుట్టలు తవ్వేది వాటితోనే. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని, చీమల్ని గట్టిగా పీల్చుకుంటుంది, ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. అసలు మొదట్లో ఆ గోళ్లు చూసి ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒకాయన దీన్ని ఎలుగు అని కూడా అనుకోలేదు, 1791లో దక్షిణ అమెరికాలో చెట్లకి వేలాడే స్లాత్ జంతువుల జాబితాలో వేశాడు. అందుకే ఇప్పటికీ ఇంగ్లీషులో స్లాత్ బేర్ అనే అంటున్నారు.

అన్నిటికంటే ముఖ్యం, మీ బొమ్మకి ప్రాణం పోసే విషయం ఇది. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఎలుగు జాతులు ప్రపంచంలో ఎనిమిది ఉంటే, పిల్లల్ని ఇలా నెలల తరబడి వీపు మీద మోసేది మనదే. భుజాల దగ్గర అంత పొడుగు బొచ్చు ఉంటుంది కదా, పిల్లలు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. మీరు తల్లి ఎలుగుని కుట్టి వీపు మీద చిన్న పిల్లని పెట్టండి. అలాంటి టెడ్డీ ఏ దేశపు షాపులోనూ మామూలుగా కనబడదు. చూడగానే ఇది మన ఎలుగు అని తెలిసిపోతుంది.

ఇవి ఊళ్లలోకి ఎందుకొస్తున్నాయో కూడా చీటీలో ఒక ముక్క రాయండి. మన దగ్గర దట్టమైన అడవి పెద్దగా లేదు, రాళ్ల మెట్టలు, వాటి చుట్టూ జీడి, పనస, కొబ్బరి తోటలు. మెట్ట మీద రాళ్ల సందుల్లో ఉంటాయి, మార్చి నుంచి జీడిపళ్లు, ఆ తర్వాత పనసపళ్లు, వాటి కోసం రాత్రిపూట దిగుతాయి. మనం పిక్క తీసుకుని పండు అక్కడే పారేస్తాం, అది వాటికి విందు. గుళ్లో దీపాల నూనె, కొబ్బరిచిప్పలు కూడా వదలవు. మెట్టల్ని క్వారీలకి తవ్వేస్తుంటే ఉండే చోటు తగ్గిపోతోంది, ఎండాకాలం నీళ్లూ ఉండవు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన కొబ్బరి, జీడి చెట్లు ఎలా నేలకూలాయో అందరికీ గుర్తుంది, ఆ రోజు కూలింది మన బతుకే కాదు, వాటి మేత కూడా. ప్రపంచ గుడ్డెలుగు దినం అక్టోబర్ 12, తిత్లీ మర్నాటి తేదీ. ఆ రోజు మీ బొమ్మ బయటికి తెస్తే బాగుంటుందేమో ఆలోచించండి.

సోంపేట కోడలు:

తప్పా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి.

2018 జూన్‌లో మా సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడి చేసి మనుషులు చనిపోయారు. ఊరంతా కలిసి దాన్ని కర్రలతో కొట్టి చంపారు. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగాయి, బయట ఊళ్లవాళ్లు మమ్మల్ని రాక్షసుల్ని చూసినట్టు చూశారు, ఎంత మాట పడితే అంత మాట రాశారు. కళ్ల ముందు మనిషి పోతే ఏం చేస్తారో ఆ రాసినవాళ్లకి తెలియదు. మళ్లీ 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకాయన చనిపోయాడు, ఆ మర్నాడే ఇంకొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్నారు, ఆ ఎలుగు కూడా బతకలేదు. మా చుట్టాల్లోనే ఒకావిడ జీడిపిక్కలు ఏరడానికి వెళ్లి ముఖం మీద గాయాలతో బయటపడింది, ఇప్పటికీ చీరకొంగు ముఖం మీదికి లాక్కునే మాట్లాడుతుంది.

అలాంటి ఇళ్ల ముందు నుంచి మీరు ముద్దుముద్దుగా నవ్వుతున్న ఎలుగు బొమ్మలు పట్టుకెళ్తే వాళ్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పెద్ద నగరంలో సోఫాలో కూర్చుని చూసేవాళ్లకి ఎలుగు అందం. తెల్లారకుండా తోటకి వెళ్లేవాళ్లకి అది భయం. ఈ రెండూ మీ బొమ్మలో ఉండాలి. లేకపోతే మానెయ్యడం మంచిది.

కాశీబుగ్గ కుట్టుమిషను:

సోంపేట వదినా, మీరు రాసినందుకు నిజంగా సంతోషం. నేను అడిగింది ఇలాంటి మాట కోసమే. మీ చుట్టాలావిడకి నా నమస్కారం చెప్పండి. ఎర్రముక్కాం, కిడిసింగి రెండూ చీటీ మీద ఉంటాయి, కుటుంబాల పేర్లు ఉండవు. నవ్వు ముఖం పెట్టను. మన ఎలుగుకి పొడుగు మూతే ఉంటుందని బారువ తమ్ముడు చెప్పాడు కదా, అలాగే ఉంచుతాను, నోరు మూసి.

ఒక సందేహం. ఇంత విషాదం రాస్తే పిల్లలకి ఇచ్చే వస్తువు మీద బరువైపోదా?

పాత ఇచ్ఛాపురం:

అమ్మా, బరువేమీ కాదు. పిల్లలకి మనం చెప్పే కథల్లో రాక్షసులు, చావులు లేవా? నేను వయసులో పెద్దవాణ్ని, నాకు తెలిసిన పాత సంగతులు రెండు చెబుతాను, పనికొస్తాయేమో చూడు.

మా చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాళ్లు ఊళ్లోకి వచ్చేవారు. ముక్కుకి తాడు, చేతిలో కర్ర, చిన్న డోలు. పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారంటే వాళ్లని ఎలుగు వీపు మీద కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పేవాళ్లు, భయం పోతుందని. దాని వెంట్రుకలు నాలుగు రాగిరేకులో చుట్టి తాయెత్తు కట్టేవాళ్లు. నాకూ కట్టారు. అంటే చూడు, భయం పోగొట్టడానికి పిల్లల చేతికి ఎలుగుని ఇవ్వడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, బొమ్మ రూపంలో కాదు, అంతే. ఆ ఆటలో ఎలుగు పడ్డ బాధ కూడా చెప్పాలి. పిల్లగా ఉన్నప్పుడే తల్లిని చంపి పట్టుకొచ్చి, ముక్కుకి కాల్చిన ఊచతో చిల్లుపొడిచి తాడెక్కించేవారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది నేరం అయింది, అయినా చాలాకాలం సాగింది. దేశంలో ఆఖరి ఆటల ఎలుగుని 2009లో విడిపించారు. ఆడించేవాళ్లు కూడా పేదవాళ్లే, వాళ్లకి వేరే బతుకుతెరువు చూపించాకే అది ఆగింది.

రెండోది అడవి గురించి. నువ్వు అత్తారిది మందస అన్నావు కాబట్టి వీరగున్నమ్మ పేరు వినే ఉంటావు. ఆ రోజుల్లో మెట్టలూ అడవీ అన్నీ మందస జమీందారువి. పుల్ల విరిచినా, కట్టెలు కొట్టినా పన్ను, దెబ్బలు. 1940లో గుడారి రాజమణిపురం రైతులు అడవిలోకి వెళ్లి కట్టెలు కొట్టుకొచ్చారు. వాళ్లని పట్టుకుపోవడానికి పోలీసులొస్తే ఊరు ఎదురుతిరిగింది, ముందు నిలబడింది గున్నమ్మ. ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. అప్పటికి ఆవిడ నిండు చూలాలు. ఆవిడతో పాటు ఇంకొందరు పోయారు. ఆ అడవి ఎవరిది అనే గొడవ అప్పుడు జమీందారుకీ రైతుకీ మధ్య. ఇప్పుడు రైతుకీ ఎలుగుకీ మధ్య వచ్చి పడింది, మధ్యలో క్వారీవాడు రాయి పట్టుకుపోతున్నాడు. అటవీ చరిత్ర రాయాలంటే గున్నమ్మ పేరు లేకుండా ఉద్దానంలో రాయలేవు తల్లీ. ఆ మిసిసిపీ వాళ్లకి ఒక ప్రెసిడెంటు ఉన్నాడు, మనకి గున్నమ్మ ఉంది. బొమ్మ చీటీలో ఒక్క వాక్యం ఆవిడకి ఇవ్వు.

నూలు పోగు:

మాది పొందూరు, ఖద్దరు గురించి నేను చెబుతాను అప్పా. ఎలుగు ఒంటికి మా ఖద్దరు వాడొద్దు. ఎందుకంటే అది మరీ సన్నం, నూరో నంబరు నూలుతో నేసింది చేతిలో పట్టుకుంటే గాలిలా ఉంటుంది. దూది కూరి బిగిస్తే కుట్ల దగ్గర పోగులు జారిపోతాయి. ధర కూడా మీ బొమ్మకి సరిపోదు.

దాని వెనక ఎంత పని ఉందో తెలిస్తే మీరే అలా వాడరు. పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న పళ్ల మధ్య నుంచి లాగితే గింజ చుట్టూ ఉన్న పీచు అంతా ఒక వైపుకి సాపుగా వస్తుంది, చెత్త రాలిపోతుంది. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని ఒక్కో పోగూ చరఖా మీద తీస్తారు. మా ఇళ్లలో మామ్మలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడికినా చేతికొచ్చేది చాలా తక్కువ, అందుకే ఇప్పటి ఆడపిల్లలు ఎవరూ ఆ పనికి కూర్చోవడం లేదు. దీన్ని కూరడానికో, కత్తిరించి ముక్కలు చేయడానికో వాడితే నాకు బాధేస్తుంది.

ఒంటికి గట్టి నల్ల నూలుగుడ్డ తీసుకోండి. బొచ్చు కావాలంటే భుజాల మీద, మెడ మీద మాత్రం నల్ల ఊలు పోగులు ఒత్తుగా కుట్టి కత్తిరించకుండా వదిలెయ్యండి, నిజం ఎలుగు అలాగే ఉంటుంది. లోపలికి బూరుగుదూది. మన తలగడల్లో పెట్టేదే, తేలిగ్గా ఉంటుంది, ఉతికితే గడ్డకడుతుంది కాబట్టి ఉతకొద్దని చీటీ మీద రాయాలి. మా ఖద్దరు ఎక్కడ వాడొచ్చంటే ఆ రొమ్ము మీది తెల్ల మచ్చకి. కోరా రంగు ఖద్దరు ముక్క, వి ఆకారంలో, అంచు మడిచి చేత్తో కుట్టండి. ఖద్దరు చీరలు, పంచెలు కుట్టించేచోట అంచు ముక్కలు మిగులుతాయి, అవి సరిపోతాయి. శ్రీకాకుళం జిల్లాలో ఆ కొసన ఉన్న ఎలుగు మీద ఈ కొసన ఉన్న మా నూలు, నాకు చాలా నచ్చింది ఈ ఆలోచన.

బొబ్బిలి పక్కన:

తొందరగా రెండు మాటలు. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు చేతిలో పట్టేంత చిన్న వీణలు కూడా చేస్తారు, అదే పనసకర్రతో. సన్మానాల్లో అవే ఇస్తారు ఇప్పుడు. పెద్ద వీణ కొనేవాళ్లు కొద్దిమందే, చిన్నవి అమ్ముడయ్యే డబ్బుతో ఇళ్లు నడుస్తున్నాయి. కాబట్టి గుర్తుగా ఇచ్చే వస్తువుని తక్కువగా చూడకండి, అది ఒక ఊరి పనిని నిలబెట్టగలదు.

రెండోది చట్టం. ఇంట్లో చుట్టాలకి ఇచ్చుకుంటే ఏమీ లేదు. అమ్మితే మాత్రం 2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్ముకునే బొమ్మలకి మినహాయింపు ఉంది. ముందు ఆ కళాకారుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టండి, ఆ తర్వాతే సంతలో బల్ల వెయ్యండి. కళ్లకి గుండీలు, పూసలు వాడొద్దు, చిన్నపిల్లలు పీకి మింగుతారు, దారంతో కుట్టండి. గోళ్లు కూడా అంతే, గుడ్డతోనే.

కాశీబుగ్గ కుట్టుమిషను:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి కూర్చుని చీటీకి ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి. తెలుగులోనే రాస్తాను, వెనకవైపు మా మేనకోడలు ఇంగ్లీషులో రాసిపెడతానంది.

"ఇది ఉద్దానం గుడ్డెలుగు. పిల్లని వీపు మీద మోస్తుంది. పుట్టల్లో చెదలు, తోటల్లో జీడిపళ్లు, పనసపళ్లు దీని తిండి. మా మెట్టలు తరిగిపోతున్నాయి, అందుకని ఇది మా ఊళ్లలోకి వస్తోంది. 2018లో ఎర్రముక్కాంలో, 2022లో కిడిసింగిలో మా మనుషులు చనిపోయారు, ఆ ఎలుగులూ చనిపోయాయి. ఈ అడవి కోసం 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో గున్నమ్మ ప్రాణం ఇచ్చింది. దీని రొమ్ము మీది తెలుపు పొందూరు ఖద్దరు. లోపల బూరుగుదూది, ఉతకకండి."

మిసిసిపీ కథ పెట్టలేదు, అది వాళ్ల చీటీ మీద ఉండాల్సింది. మా ఆడపడుచుకి మాత్రం ఫోన్లో మొత్తం చెప్పాను, కోలియర్ సంగతి ఆవిడకీ తెలియదట, ఆ రక్షిత ప్రాంతం చూసొస్తామంది.

సోంపేట కోడలు:

ఇప్పుడు బాగుంది. మా చుట్టాలావిడకి చదివి వినిపించాను. ఒక్క మాట కలపమంది. చీకట్లో, తెల్లవారుజామున ఒంటరిగా తోటకి వెళ్లొద్దు, వెళ్తే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి, దానికి చూపు ఆనదు, మనిషిని దగ్గరగా హఠాత్తుగా చూస్తేనే మీద పడుతుంది అని. ఈ సంగతి అప్పుడు తనకి ఎవరూ చెప్పలేదంది. ఇది తెలుగులో పెద్ద అక్షరాలతో వెయ్యండి, మన ఊళ్ల పిల్లలు కూడా చదువుతారు కదా.

బారువ రేవు:

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అదే పైన పెట్టండి. పిల్ల ఉన్న తల్లి అయితే మరీ ప్రమాదం, పరిగెత్తినా లాభం లేదు, మనకంటే వేగంగా వస్తుంది. అక్కా, నమూనా కుట్టాక ఫోటో పెట్టండి, మూతి పొడుగు సరిపోయిందో లేదో చెబుతాను. పిల్ల ఎలుగుని మాత్రం వీపుకి నాలుగైదు చోట్ల గట్టిగా టాకాలు వెయ్యండి, పిల్లల చేతిలో మొదట ఊడొచ్చేది అదే.